అద్దం ఉంచుదామా… వదిలేద్దామా?

కెమేరా కొనాలంటే దుకాణానికి వెళ్తే చాలు. ఉన్న కెమేరాని మార్చాలా వద్దా అన్నది తేలాలంటే మాత్రం రోడ్డెక్కాలి. హైదరాబాద్‌లో అలాంటి పరీక్షకు విజయవాడ రోడ్డును మించింది లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో జనం, వనస్థలిపురం పక్కన జింకలు, బాటసింగారంలో మామిడికాయల గుట్టలు, సంఘీ గుడి దగ్గర కాబోయే దంపతులు, రామోజీ ఫిల్మ్‌సిటీలో సినిమా సెట్లు. అన్నీ ముప్ఫై కిలోమీటర్ల లోపే! వీటన్నిటి మధ్యా అబ్దుల్లాపూర్‌మెట్. కెమేరా ఉన్నవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి?

నా దగ్గరున్నది నికాన్ డీ7000. 2010లో మార్కెట్లోకి వచ్చిన డీఎస్‌ఎల్ఆర్. నేను కొన్నది 2012లో. రబ్బరు పట్టు వదులైంది, అంకెలు అరిగాయి, పని మాత్రం ఆగలేదు. ‘ఇంకా ఇదేనా, మిర్రర్‌లెస్ తీసుకోలేదా?’ అని ఏ పెళ్లికి వెళ్లినా ఎవరో ఒకరు అడుగుతారు. ఈ ప్రశ్న నా ఒక్కదానిదే కాదు. 2010 తర్వాత జీతాల్లోంచి కూడబెట్టి డీఎస్‌ఎల్ఆర్ కొనుక్కున్నవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది లేరు! వాళ్లందరి అల్మారాల్లోనూ ఇదే ప్రశ్న దుమ్ము పట్టి ఉంది. అందుకే పాతదాన్ని ఒక భుజానికీ, అద్దెకు తెచ్చిన మిర్రర్‌లెస్ నికాన్ జెడ్50ని ఇంకో భుజానికీ తగిలించుకుని మూడు విడతలుగా ఈ రోడ్డంతా తిరిగాను.

అసలు ఆ అద్దం ఎందుకు?

డీఎస్‌ఎల్ఆర్ లోపల నలభై అయిదు డిగ్రీల వాలుగా చిన్న అద్దం ఉంటుంది. లెన్సులోంచి వచ్చే వెలుగును అది పైకి మళ్లిస్తుంది. అక్కడున్న గాజు పట్టకం దాన్ని మన కంటికి చేరుస్తుంది. అంటే వ్యూఫైండర్లో మనం చూస్తున్నది అసలు దృశ్యాన్నే. మీట నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, షట్టర్ తెరుచుకుంటుంది, సెన్సర్ మీద వెలుగు పడుతుంది, అద్దం మళ్లీ కిందికి దిగుతుంది. ‘ఠక్’ అని వినిపించేది ఈ హడావుడే.

మిర్రర్‌లెస్‌లో ఈ తతంగం లేదు. వెలుగు నేరుగా సెన్సర్ మీద పడుతుంది. సెన్సర్ చూసినదే కంటి దగ్గరి చిన్న తెర మీద బొమ్మగా కనిపిస్తుంది. అద్దానికి వదలాల్సిన చోటు మిగిలింది కాబట్టి లెన్సు కూడా సెన్సర్‌కి దగ్గరగా జరిగింది. నికాన్ పాత అమరికలో ఆ దూరం 46.5 మిల్లీమీటర్లు. కొత్తదాంట్లో 16 మాత్రమే.

2008లో పానాసోనిక్ జీ1తో ఈ దారి మొదలైంది. 2013లో సోనీ ఏ7 వచ్చింది. 2018లో నికాన్, కెనాన్ కూడా పెద్ద సెన్సర్ మిర్రర్‌లెస్‌లతో దిగాయి. 2020లో కంపెనీల నుంచి మార్కెట్‌కి వెళ్లిన కెమేరాల సంఖ్యలో మిర్రర్‌లెస్‌లు డీఎస్‌ఎల్ఆర్‌లను దాటేశాయి. 2021కల్లా సోనీ డీఎస్‌ఎల్ఆర్ తరహా కెమేరాలను ఆపేసింది. కాబట్టి ‘కొత్తగా కొంటే ఏది?’ అన్నదానికి జవాబు దాదాపు తేలిపోయింది. తేలనిది ఉన్నవాళ్ల సంగతే.

ఒరిగిన బస్సు

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో మెట్లు దిగితే అడుగు పెట్టడానికి చోటుండదు. కోచింగ్ సెంటర్ల విద్యార్థులు, సాయిబాబా గుడికి వచ్చేవాళ్లు, చీరల దుకాణాల ముందు బేరాలు. ఇలాంటి చోట పెద్ద కెమేరా ఎత్తితే జనం ముందు మనల్ని చూస్తారు. తర్వాత జుట్టు సవరించుకుంటారు. బ్యాటరీతో కలిపి డీ7000 780 గ్రాములుంటే జెడ్50 450. మెడకి తెలుస్తుంది తేడా! దాని తెరను వంచి నడుం దగ్గర పెట్టుకుని, చప్పుడు రాకుండా తీస్తే పూలమ్మే ఆవిడ నావైపు తిరగనే లేదు.

కానీ అదే చప్పుడు లేని పద్ధతిలో మెట్రో స్తంభాల మధ్య దూసుకెళ్తున్న ఆర్టీసీ బస్సును తీస్తే, బస్సు పక్కకి ఒరిగిపోతున్నట్టు వచ్చింది. కారణం సులువే. షట్టర్ కదలకుండా తీసినప్పుడు సెన్సర్ బొమ్మని ఒక అంచు నుంచి వరసగా చదువుకుంటూ వస్తుంది. చదవడం పూర్తయ్యేలోపు బస్సు కాస్త ముందుకెళ్లిపోతుంది. మామూలు షట్టర్‌కి మార్చగానే బస్సు నిటారుగా నిలబడింది, చప్పుడు తిరిగొచ్చింది. ఖరీదైన కెమేరాల్లో సెన్సర్ చదివే వేగం పెరిగి ఈ ఇబ్బంది తగ్గింది. మధ్యతరగతి బడ్జెట్ కెమేరాల్లో ఇంకా ఉంది.

ఇంకో తేడా బ్యాటరీ. కంపెనీ లెక్కన డీ7000 ఒక్క చార్జింగ్‌తో 1,050 ఫొటోలు తీస్తుంది. జెడ్50 సుమారు 300. కంటి దగ్గరి తెర ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలి మరి! మధ్యాహ్నం కాకముందే రెండో బ్యాటరీ వెయ్యాల్సి వచ్చింది.

లేని మార్కెట్ ఫొటో

దిల్‌సుఖ్‌నగర్ దాటితే కొత్తపేట. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో వేసవిలో ఇక్కడ రోడ్డు మీదికే మామిడి వాసన వచ్చేది. తెల్లవారుజామున లారీలు, గడ్డి పరిచిన పెట్టెలు, వేలం పాటల కేకలు. 2021-22లో ఆ మార్కెట్ బాటసింగారానికి తరలింది. ఈ స్థలాన్ని సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రికి కేటాయించారు.

నా పాత హార్డ్‌డిస్కులో ఇక్కడ తీసిన నూటపాతిక ఫొటోలున్నాయి. అన్నీ 16 మెగాపిక్సెళ్లవే. చీకట్లో తీసినవాటిలో ఇసుక చల్లినట్టు చుక్కలు కూడా ఉన్నాయి. అయితేనేం, ఎంత డబ్బు పోసి కొన్న కెమేరా అయినా ఇప్పుడా ఫొటో తీయలేదు. కొత్త కెమేరా వచ్చేదాకా ఆగుదామనుకునే వాళ్లు ఒక్కసారి కొత్తపేటలో దిగి చూడాలి. మెట్రో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా వచ్చింది 2018 సెప్టెంబరులో. అంతకుముందు ఈ రోడ్డు ఎలా ఉండేదో ఫొటోలున్నవాళ్లకే గుర్తు.

జింక చెవులు

ఎల్బీనగర్ కూడలి దాటాక వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పటి నిజాం వేట మైదానం. మహావీరుడి 2,500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో ఆయన పేరు పెట్టి జింకలకు వదిలేశారు. మూడువేల ఆరువందల ఎకరాల గడ్డి, పొదలు. బయట లారీల హారన్లు మోగుతుంటే లోపల కృష్ణజింకలు మేస్తుంటాయి.

లారీ హారన్‌కి బెదరని జింక అద్దం చప్పుడుకి తలెత్తుతుంది! డీ7000తో మొదటి ఫొటోలో అది గడ్డి మేస్తోంది, రెండోదాంట్లో నన్ను చూస్తోంది, మూడోదాంట్లో వెనక్కి తిరిగింది. జెడ్50తో చప్పుడు లేకుండా తీస్తే పది ఫొటోల్లోనూ మేస్తూనే ఉంది. ఇక్కడ మార్కులన్నీ కొత్తదానికే.

ఇంటికెళ్లి పెద్ద తెర మీద చూశాక ఇంకో సంగతి తెలిసింది. రెండు కెమేరాల్లోనూ జింక గోరంతే ఉంది. దాన్ని దగ్గరికి తేవాల్సింది లెన్సు. 300 మిల్లీమీటర్ల లెన్సు లేకుండా ఇక్కడికొచ్చి కెమేరా మార్చాలా అని ఆలోచించడం, అన్నం వండకుండా కంచం మార్చాలా అని ఆలోచించడం లాంటిదే.

మామిడి గుట్టల మధ్య

హయత్‌నగర్ దాటి, పెద్దఅంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు కింద నుంచి బయటపడితే అబ్దుల్లాపూర్‌మెట్. 2016లో హయత్‌నగర్ నుంచి విడిపోయి మండలమైంది. గుండ్రాళ్ల గుట్టలు, వాటిని ఆనుకుని ప్లాట్ల హద్దురాళ్లు, ఇంజినీరింగ్ కళాశాలల బస్సులు, వరసగా ఫంక్షన్ హాళ్లు. పల్లె ఎక్కడ ఆగిందో, నగరం ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం.

ఇంకాస్త ముందుకెళ్తే బాటసింగారం మార్కెట్. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్నే చేరుకోవాలి. షెడ్డు లోపల నీడ, బయట కళ్లు చెదిరే ఎండ. రెంటి మధ్యా పసుపు, ఆకుపచ్చ కుప్పలు. ఇక్కడ మిర్రర్‌లెస్ తెర బాగా పనికొచ్చింది. ఫొటో ఎంత వెలుగుగా వస్తుందో తీయకముందే కనిపిస్తుంది. హమాలీ మొహం నల్లబడుతుంటే చక్రం తిప్పి అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు. డీ7000లో అయితే తీసి, చూసి, మళ్లీ తీయాలి.

కానీ లారీలు లేపే దుమ్ములో లెన్సు మార్చడానికి భయమేసింది. డీఎస్‌ఎల్ఆర్‌లో సెన్సర్‌కి ముందు షట్టరూ, దాని ముందు అద్దమూ అడ్డుంటాయి. జెడ్50లో లెన్సు తీయగానే సెన్సర్ బోసిగా కనిపిస్తుంది. కెమేరా ఆపేయగానే షట్టర్ మూసుకునే ఏర్పాటు కొన్ని కెమేరాల్లో ఉంటుంది, దీంట్లో లేదు. చివరికి టీ కొట్టు లోపలికెళ్లి మార్చుకున్నాను.

అక్కడే ఇంకో చిక్కు. నా దగ్గరున్న 50 మిల్లీమీటర్ల లెన్సు పాత ‘డి’ రకం. ఫోకస్ మోటారు లెన్సులో ఉండదు. డీ7000 బాడీలోని మోటారే దాన్ని తిప్పుతుంది. నికాన్ అడాప్టర్ ఎఫ్‌టీజెడ్‌తో దాన్ని జెడ్50కి తగిలిస్తే ఫొటో వస్తుంది కానీ ఆటోఫోకస్ పనిచేయదు, చేత్తో తిప్పుకోవాలి. ‘ఏఎఫ్-ఎస్’ అని రాసున్న లెన్సులకు ఈ బాధ లేదు. కెనాన్ వాళ్లు కాస్త అదృష్టవంతులు. 1987లో వచ్చిన ఈఎఫ్ లెన్సుల్లో మొదటి నుంచీ మోటారు లెన్సులోనే ఉండటం వల్ల వాళ్ల అడాప్టర్‌తో అవి కొత్త బాడీల మీదా ఫోకస్ చేస్తాయి. ‘నా లెన్సులు పనికొస్తాయా?’ అని దుకాణంలో అడిగితే ‘వస్తాయి’ అంటారు. ‘ఆటోఫోకస్‌తో పనికొస్తాయా?’ అని అడగండి.

అద్దం ముందే వెళ్లిపోయిన చోటు

ఈ మండలానికి అద్దం వదిలేయడం కొత్తేమీ కాదు. రామోజీ ఫిల్మ్‌సిటీ ఉన్న అనాజ్‌పూర్ ఇక్కడిదే. 1996లో మొదలై, 1,666 ఎకరాలతో గిన్నిస్ పుస్తకంలోకెక్కిన స్టూడియో. సినిమా కెమేరాల్లోనూ అద్దం ఉండేది. జర్మనీ కంపెనీ అరి 1937లోనే అరిఫ్లెక్స్ 35లో తిరిగే అద్దాన్ని పెట్టింది. ఫిల్ముకీ, ఛాయాగ్రాహకుడి కంటికీ వంతులవారీగా వెలుగు పంచడమే దాని పని. దశాబ్దాలపాటు సినిమా అంటే ఆ అద్దమే.

ఇక్కడ మాహిష్మతి సెట్లు వేసిన ‘బాహుబలి’ని కె.కె.సెంథిల్ కుమార్ తీసింది అదే అరి కంపెనీ డిజిటల్ కెమేరా అలెక్సా ఎక్స్‌టీతో. దాంట్లో ఛాయాగ్రాహకుడు చూసేది ఎలక్ట్రానిక్ తెరనే. 2015లో విడుదలైన ఆ సినిమా చూస్తూ ‘అద్దం లేకుండా తీశారటగా’ అని ఎవరైనా అనుకున్నామా? ప్రేక్షకుడికి కావాల్సింది బొమ్మ. అయితే అంత పెద్ద సినిమాకి పరికరం మార్చడంలో లెక్క వేరు. రోజుకి లక్షలు ఖర్చయ్యే సెట్లో తీసినది తీసినట్టు వెంటనే చూసుకోగలగడం, గ్రాఫిక్స్‌కి నేరుగా పంపగలగడం వాళ్లకి లాభం. ఆదివారం ఫొటోలు తీసుకునేవాళ్లకి ఆ లెక్క వర్తించదు.

‘పుస్తె మళ్ల కట్టుమంటమా?’

మరి ఎవరికి వర్తిస్తుంది? సంఘీనగర్‌లో జవాబు దొరికింది. పరమానందగిరి గుట్ట మీద తెల్లటి రాజగోపురంతో దూరం నుంచే కనిపించే వెంకటేశ్వరస్వామి గుడి. ఎన్నో తెలుగు సినిమా పాటల్లో చూసిందే. ఇప్పుడు పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలు ఈ పరిసరాలకి వస్తున్నాయి. గుట్ట కింద హయత్‌నగర్ యువకుడొకరు రెండు కెమేరాలు సర్దుకుంటూ కనిపించాడు. పదేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాడట. రెండేళ్ల కిందట అప్పు చేసి మిర్రర్‌లెస్‌కి మారాడు.

“అద్దం ఉన్నదా లేదా అని కాదక్కా… పెండ్లి మళ్ల జరగదు. పుస్తె మళ్లొక్కసారి కట్టన్నా అంటే ఊకుంటరా?” అని నవ్వాడు. “పాతదాంట్ల నడిమిట్ల చుక్క మీద మొఖం పట్టి, అటెన్క ఫ్రేము సర్దుకునేటోన్ని. గంతల వాళ్లు కదిలితే పాయె. ఇప్పుడు అదే కన్ను పట్టుకుంటది. నేను ఫ్రేము సూసుకుంటే సాలు.”

ఫంక్షన్ హాల్లో చప్పుడు లేకుండా తీస్తావా అనడిగితే తల అడ్డంగా ఊపాడు. ఎల్ఈడీ దీపాల కింద అలా తీస్తే ఫొటో మీద నల్లటి చారలు వస్తాయట. ఆ దీపాలు మన కంటికి తెలియకుండా వెలిగి ఆరుతుంటాయి కదా! రెండు కార్డులు పెట్టే వీలు లేని బాడీని ముట్టుకోనన్నాడు. 2018లో వచ్చిన నికాన్ జెడ్6, జెడ్7, కెనాన్ ఈఓఎస్ ఆర్‌లకి ఒక్క కార్డు గదే ఉండేది. పెళ్లి ఫొటోగ్రాఫర్లు వెనకాడటానికి అదో కారణం. కార్డు పాడైతే రెండు కుటుంబాలకి ఏమని చెప్తారు?

“పాతవి అమ్మేశావా?” అంటే, “ఒకటే అమ్మిన. ఇచ్చిన పైసలకు బ్యాటరీలు, కార్డులు వచ్చినయ్ అంతే. ఇంకోటి తమ్ముడు పట్టుకుంటడు. ఎనిమిది ఈఎంఐలున్నయింక. గానీ ఆల్బమ్‌ల తీసి పారేసే ఫొటోలు తగ్గినయక్కా” అన్నాడు.

అతని లెక్క సరైనదే. డీ7000 షట్టర్‌ని లక్షా యాభైవేల సార్లకు పరీక్షించారు. పెళ్లికి నాలుగు వేల ఫొటోలనుకుంటే నలభై పెళ్లిళ్లకి ముందే ఆ హద్దు వస్తుంది. నాలాగా నెలకి ఐదొందలు తీసేవాళ్లకి అదే హద్దు పాతికేళ్లు. ఒకే కెమేరా అతని చేతిలో అరిగిపోయిన పనిముట్టు, నా చేతిలో సగం వయసులో ఉన్న తోడు.

కాగితం మీద మూడు గళ్లు

ఇంటికొచ్చాక కాగితం మీద మూడు గళ్లు గీశాను. ఈ రోడ్డు మీద కావాలనుకుని దక్కని ఫొటోలు ఎందుకు దక్కలేదు? వేళ, వెలుగు కుదరక పోయినవి ఒక గడి. లెన్సు చాలక పోయినవి రెండోది. కెమేరా బాడీ వల్ల పోయినవి మూడోది. మొదటి రెండూ నిండిపోయాయి. మూడోదాంట్లో ఉన్నవి జింక తల తిప్పిన వరస, పూలావిడ, నీడలో హమాలీ… అంతే.

ఇక అచ్చు సంగతి. 16 మెగాపిక్సెళ్లంటే అడ్డంగా 4,928 చుక్కలు. అంగుళానికి 300 చొప్పున అచ్చేస్తే పదహారు అంగుళాలకి పైనే. ఈ పేజీ వెడల్పుకి అది చాలు.

మారడానికయ్యే ఖర్చు బాడీ ధరతో ఆగదు. అడాప్టర్, కనీసం ఒక కొత్త లెన్సు, రెండు అదనపు బ్యాటరీలు, వేగమైన కార్డులు. కెమేరాల మీద జీఎస్టీని 2019 జనవరి నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గించినా మొత్తం కలిపితే లక్ష చుట్టుపక్కలకి సులువుగా చేరుతుంది. పాతది బదులిస్తే వచ్చేది అందులో చిన్న ముక్కే.

అందుకే నా నిర్ణయం: డీ7000 ఉంటుంది. కొనబోయేది లెన్సు. సెకండ్‌హ్యాండ్‌లో ఏఎఫ్-ఎస్ 70-300. ఇప్పుడు డీ7000 మీద ఫోకస్ చేస్తుంది, రేపు అడాప్టర్‌తో మిర్రర్‌లెస్ మీదా చేస్తుంది. షట్టర్ ఆగిపోయిన రోజున, లేదా రిపేరు ఖర్చు కెమేరా విలువలో సగం దాటిన రోజున అద్దానికి సెలవు. అంతవరకూ చప్పుడు లేకుండా తీయాల్సిన పని పడితే ఒక రోజు అద్దె చాలు.

మీది పెళ్లిళ్ల పనైతే, కదిలే పిల్లల్నీ పక్షుల్నీ తీసేవాళ్లయితే, వీడియో ఎక్కువగా కావాలంటే మీ మూడో గడి నిండిపోతుంది. అప్పుడు ఆలస్యం చేయకుండా మారిపోండి. కానీ గళ్లు నింపకుండా దుకాణం మెట్లెక్కొద్దు.

ఎలా వెళ్లాలంటే…

ఎల్బీనగర్ దాకా మెట్రో. అక్కడి నుంచి హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ఆర్టీసీ బస్సులుంటాయి. సంఘీ గుడికి ప్రధాన రహదారి నుంచి లోపలికి వెళ్లాలి కాబట్టి సొంత బండి అయితే సుఖం. గుడిలోనూ, మార్కెట్లోనూ కెమేరా తీసేముందు ఒక మాట అడగడం మర్యాద. మామిడి కుప్పల కోసమైతే వేసవిలోనే వెళ్లండి. కోహెడలో శాశ్వత మార్కెట్ కట్టాలన్న ఆలోచన ఉంది. అది పూర్తయితే బాటసింగారం షెడ్లు కూడా కొత్తపేటలాగే ఫొటోల్లోనే మిగులుతాయి. చేతిలో ఏ కెమేరా ఉంటే దాంతోనే బయల్దేరండి.